పీహెచ్‌సీ ఓపీలో ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం: ఏ ప్రశ్నాపత్రం వాడాలి, "అవును" అంటే ఏం చేయాలి?

విభాగం: ప్రాథమిక వైద్యం / మానసిక ఆరోగ్యం

హంద్రీ_గట్టు (మెడికల్ ఆఫీసర్, కర్నూలు జిల్లా)

అందరికీ నమస్తే. ఆదోని వైపు ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. బీపీ, షుగర్ మాత్రల కోసం వచ్చేవాళ్లలో నిద్ర పట్టట్లేదు, ఒళ్లంతా నొప్పులు, అన్నం సయించదు అనేవాళ్లు చాలామంది. ఆశాలు ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ ఫారంలో (ఆరోగ్య వివరాల ప్రశ్నాపత్రం) డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-2 ప్రశ్నలు రెండు ఉంటాయి కదా, దాంట్లో ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లను నా దగ్గరికి పంపుతున్నారు. వాళ్లకు దాని పెద్ద రూపం, తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 నింపిస్తున్నాం. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్న దగ్గర మా స్టాఫ్ నర్సులు ఆగిపోతున్నారు. కొందరు అడక్కుండానే సున్నా వేసేస్తున్నారని నాకు అనుమానం.

ఇప్పుడు నా సందేహాలు. పీహెచ్‌క్యూ-9 ఒక్కటి సరిపోతుందా, ఆత్మహత్య ముప్పు గురించే అడిగే కొలంబియా స్కేల్ కూడా పెట్టుకోవాలా? ఓపీ ఒంటిగంట దాకా ఊపిరి ఆడనివ్వదు, పది నిమిషాల ప్రశ్నాపత్రం అంటే ఎవరూ చేయరు. అన్నిటికన్నా పెద్ద సమస్య, ఎవరైనా "అవును" అంటే ఏం చేయాలి? సైకియాట్రిస్ట్ ఉండేది కర్నూలు పెద్దాసుపత్రిలో, మాకు దాదాపు వంద కిలోమీటర్లు. రాసిచ్చిన ప్రతి ఒక్కరూ పోరు.

నిర్వాహకుడు

ఈ చర్చను పైన పిన్ చేస్తున్నాను. చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఇలాంటి ఆలోచనలు వస్తుంటే ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూడకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంకో మాట: ఎవరు ఎలా చేసుకున్నారు, ఏ మందు, ఎంత మోతాదు అనే వివరాలు రాస్తే ఆ పోస్టు తీసేస్తాను, రాసింది డాక్టరైనా సరే.

పాలకొండల_నీడ (సైకియాట్రిస్ట్, కడప)

డాక్టర్ గారూ, మంచి ప్రశ్న. తొమ్మిదో ప్రశ్నతో మొదలుపెడదాం. "గత రెండు వారాల్లో, చచ్చిపోతే బాగుండు అనిగానీ, మిమ్మల్ని మీరు ఏదో విధంగా గాయపరచుకోవాలనిగానీ అనిపించిందా" అని దాని సారాంశం. రెండు వేర్వేరు సంగతులు ఒకే వాక్యంలో ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో మంచంలో ఉన్న డెబ్బై ఏళ్ల అవ్వ "ఆ దేవుడు ఎప్పుడు తీసుకుపోతాడో" అంటుంది. ఆమెకూ ఒకటో రెండో మార్కులు పడతాయి. చీనీ తోట ఎండిపోయి, అప్పులవాళ్లు గడప తొక్కుతుంటే ఈ వారంలో ఏదో ఒకటి చేసుకోవాలని నిర్ణయించుకున్న మనిషికీ అవే మార్కులు పడొచ్చు. అందుకే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏది వచ్చినా దాన్ని జవాబు అనుకోకండి. అక్కడి నుంచే అసలు అడగడం మొదలవుతుంది. మొత్తం స్కోరు 4 వచ్చినా తొమ్మిదో దానికి 1 ఉంటే అడగాల్సిందే. డిప్రెషన్ తక్కువగా ఉంది కదా అని వదిలేయకూడదు.

ఆ తర్వాత కొలంబియా స్క్రీనర్ పెట్టుకోండి. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో కెల్లీ పోస్నర్ బృందం తయారుచేసింది, 2011లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో దాని మీద వ్యాసం వచ్చింది. పెద్ద ఫారం వేరే ఉంది, అది మీకు అక్కర్లేదు. స్క్రీనర్‌లో ఉన్నవి ఆరు ప్రశ్నలే, మొదటి ఐదూ గడిచిన నెల గురించి. నేను ఓపీలో అడిగే మాటల్లో చెబుతాను:

పడుకుంటే మళ్లీ లేవకుండా పోతే బాగుండునని అనిపించిందా? ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వచ్చిందా? ఈ రెండూ అందరినీ అడగాలి. రెండోదానికి కాదంటే నేరుగా ఆరో ప్రశ్నకు పోవచ్చు. అవునంటే మధ్యలో మూడు: ఎలా చేసుకోవాలో ఆలోచించారా? చేసుకునే తీరాలని గట్టిగా అనుకున్నారా? ఎప్పుడు, ఎక్కడ అని ఏర్పాటు ఏమైనా చేసుకున్నారా? ఆరోది, ఎప్పుడైనా ప్రయత్నం చేశారా, లేక దానికి సిద్ధం చేసుకున్నారా, చేస్తే ఈ మూడు నెలల్లోనా, అంతకు ముందా?

జవాబులను బట్టి ముప్పుకు ఒక రంగు వేస్తాం. మొదటి రెండింటికే అవునంటే పసుపు. మూడోదానికి అవునన్నా, ప్రయత్నం జరిగి మూడు నెలలు దాటినా నారింజ. నాలుగు, ఐదు ప్రశ్నల్లో దేనికి అవునన్నా, మూడు నెలల లోపు ప్రయత్నం ఉన్నా ఎరుపు. అలవాటైన నర్సుకు రెండు మూడు నిమిషాల పని. చాలామందికి మూడు ప్రశ్నలతోనే అయిపోతుంది.

సాడ్ పర్సన్స్ అని మనం ఎంబీబీఎస్‌లో బట్టీ పట్టింది ఒకటుంది. మగవాడైతే ఒకటి, వయసుకు ఒకటి, పెళ్లి కాకపోతే ఒకటి అని మార్కులు కలిపే 1983 నాటి స్కేలు. దయచేసి దాన్ని వాడకండి. మనిషి చెప్పేది వినకుండా వయసూ పెళ్లీ లెక్కపెట్టి రిస్క్ తేల్చేది అది.

తుంగభద్ర_ఏఎన్ఎం

సార్, నాకు ఒకటే భయం. ఊర్లో ఒకామెను ఇట్లా మొహం మీదే అడిగితే, లేని ఆలోచన మనమే పెట్టినట్టు కాదా? రేపు ఏమన్నా జరిగితే "సిస్టరమ్మ వచ్చి అడిగిపోయింది, ఆ రాత్రే ఇట్లయింది" అని ఊరంతా నా మీదకే వస్తారు.

క్యాజువాలిటీ_సిస్టర్ (స్టాఫ్ నర్స్, అనంతపురం)

అక్కా, మొదట్లో మేమంతా అట్లే అనుకున్నాం. అడిగితే జనం బెదిరిపోరు, చాలామంది ఏడుస్తారు. ఏడ్చి, "ఇన్నాళ్లకు ఒకరు అడిగినారు" అంటారు. మా క్యాజువాలిటీకి వారంలో ఎన్నో కేసులు వస్తాయి. స్టమక్ వాష్ అయ్యి, ప్రాణం కుదుటపడి, వార్డుకు మారాక అడిగితే చెప్పేవాళ్లే ఎక్కువ.

అడిగే చోటే అసలు చిక్కు. మంచం చుట్టూ పదిమంది. మామ, బావమరిది, ఊరి పెద్దమనిషి, చంటిబిడ్డతో చెల్లెలు. "పొరపాటున తాగినాడు మేడమ్, దగ్గు మందు అనుకున్నాడు" అని ఒకరు మొదలుపెడితే అందరూ అదే పాట. పేషెంట్ గోడ వైపు తిరిగి పడుకుంటాడు. వాళ్లను బయటకు పంపకుండా నువ్వు ఎన్ని ప్రశ్నలు అడిగినా అన్నింటికీ "లేదు" అనే వస్తుంది, దాన్ని స్కోరు అని కేస్ షీట్‌లో రాసుకోవడం దండగ. నేనైతే డ్రెస్సింగ్ చేయాలి, బట్టలు మార్చాలి అని చెప్పి అందరినీ పంపి తెర లాగుతాను.

తాగి ఉన్నవాళ్ల గురించి ఒక మాట. "తాగినోడి మాట ఏం లెక్క" అని వదిలేసే డ్యూటీ డాక్టర్లున్నారు. మత్తులో చెప్పినా ముందు నమ్మి కనిపెట్టుకుని ఉండాలి, దిగాక మళ్లీ అడగాలి. పొద్దున్నే "నేనట్లా అన్లేదే" అంటాడు. అన్నాడని రాసి ఉంటే డాక్టర్ దగ్గర మాట్లాడటానికి మనకు ఒక ఆధారం ఉంటుంది.

పాలకొండల_నీడ

ఏఎన్ఎం గారి భయం మీద పరిశోధనలు జరిగాయి. అమెరికాలో హైస్కూలు పిల్లల మీద 2005లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ఆత్మహత్య ప్రశ్నలు అడిగిన పిల్లల్లో బెంగ పెరగలేదు, అంతకుముందే దిగులుతో ఉన్నవాళ్లకు కాస్త తేలికైంది. 2014లో అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసినా అడగడం వల్ల ఆలోచనలు పెరిగినట్టు తేలలేదు. మానసిక వైద్యం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన ఎంహెచ్‌గ్యాప్ గైడ్ కూడా నేరుగా అడగమనే చెబుతుంది.

ఊరు మీదకు వస్తుందన్న భయం మాత్రం నిజమే, దానికి జామాలో జవాబు దొరకదు. మీరు ఒక్కరే మోయకుండా, అడిగిన రోజే మెడికల్ ఆఫీసర్‌కు చెప్పి రిజిస్టర్‌లో ఎక్కించండి.

లెక్కల_పీజీ (కమ్యూనిటీ మెడిసిన్ పీజీ)

కాస్త ఎదురు మాట్లాడతాను, ఏమనుకోకండి. పసుపు, నారింజ, ఎరుపు అని రంగులు వేస్తున్నాం గానీ ఆ రంగులు రేపు జరగబోయేది చెప్పలేవు. 2017లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో కార్టర్ బృందం ఇలాంటి సాధనాల మీద వచ్చిన అధ్యయనాలు కలిపి చూసింది. "హై రిస్క్" అని తేలిన నూరు మందిలో తర్వాత నిజంగా ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు ఐదారుగురు. అదే ఏడాది ఫ్రాంక్లిన్ బృందం యాభై ఏళ్ల పరిశోధన, 365 అధ్యయనాలు తిరగేసి, మన అంచనాలు బొమ్మా బొరుసూ వేయడం కంటే పెద్దగా మెరుగు కాదని తేల్చింది. 2016 నాటి మరో సమీక్షలో, మానసిక రోగుల్లో ఆత్మహత్యతో పోయినవాళ్లలో దాదాపు సగం మంది "తక్కువ రిస్క్" గుంపులోనే ఉన్నారు.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022 సెప్టెంబర్ మార్గదర్శకంలో నేరుగా రాసేసింది: భవిష్యత్తు చెప్పడానికి ఈ స్కేళ్లు వాడొద్దు, ఎవరికి వైద్యం ఇవ్వాలో ఇవ్వకూడదో తేల్చడానికి వాడొద్దు, తక్కువ-మధ్యస్థం-ఎక్కువ అని జనాన్ని గంపలకు వేయొద్దు. మరి మనం ఇప్పుడు పీహెచ్‌సీ స్థాయిలో అదే మొదలుపెడుతున్నామా? రిజిస్టర్ నిండుతుంది, రివ్యూ మీటింగ్‌లో పర్సెంటేజీ చూపిస్తారు, అంతేనా?

కుందూ_కెరటం (క్లినికల్ సైకాలజిస్ట్)

పీజీ గారు చెప్పిన అంకెలు నిజమే, నేను వాటితో గొడవపడను. గొడవ అంతా ఆ స్కేలును ఏ పనికి వాడుతున్నామన్న దగ్గర. వందమంది ఓపీలో నోరు విప్పని నలుగురు ఎవరో కనుక్కోవడం ఒక పని. ఈ మనిషి ఆరు నెలల్లో ఏం చేసుకుంటాడో జోస్యం చెప్పడం ఇంకో పని. మొదటిదానికి ప్రశ్నాపత్రం బాగా పనికొస్తుంది. అమెరికాలో ఎనిమిది ఆసుపత్రుల ఎమర్జెన్సీల్లో వచ్చిన ప్రతి పెద్దవాళ్లనూ అడగడం మొదలుపెడితే, ఆత్మహత్య ఆలోచనలున్నట్టు బయటపడినవాళ్లు 2.9 శాతం నుంచి 5.7 శాతానికి పెరిగారు. అంటే అంతకుముందు సగం మంది మనకు కనిపించకుండానే కట్టు కట్టించుకుని ఇంటికి పోయారన్నమాట.

ఆ ప్రయోగం రెండో సగం ఇంకా ముఖ్యం. 1,376 మందిని ఏడాది పాటు చూశారు. మామూలు వైద్యం దశలో ఆత్మహత్యా ప్రయత్నం చేసినవాళ్లు దాదాపు 23 శాతం. స్క్రీనింగ్ మాత్రమే పెట్టినప్పుడు ఇరవై ఒకటిన్నర, చెప్పుకోదగ్గ తేడా లేదు. స్క్రీనింగ్‌తో పాటు సేఫ్టీ ప్లాన్ (ఆ ఆలోచన వస్తే ఏం చేయాలో ముందే రాసుకునే కాగితం), తర్వాత వరసగా ఫోన్ కాల్స్ కలిపినప్పుడు 18కి దిగింది. డాక్టర్ గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. ఏ స్కేలు అన్నది చిన్న సంగతి. స్కేలు తర్వాత ఏమీ పెట్టుకోకపోతే ఏ స్కేలూ పెట్టుకోకపోయినా ఒకటే.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. డబ్ల్యూహెచ్‌ఓ ఐదు దేశాల్లో ఒక ప్రయోగం చేసింది, మన దేశం నుంచి చెన్నై. ప్రయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో సగానికి మామూలు వైద్యం. మిగతా సగానికి దాంతో పాటు డిశ్చార్జ్‌కు ముందు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం, తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిది సార్లు ఫోన్ చేయడమో ఇంటికి వెళ్లడమో. ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు మామూలు వైద్యం గుంపులో 2.2 శాతం, ఈ రెండో గుంపులో 0.2 శాతం. 2008లో వచ్చింది. ఖరీదైన మందు లేదు, మెషిన్ లేదు. మా ఓపీలో దీన్ని అమలు చేయించుకోవడానికి నాకు పట్టిన తంటాలు వేరే కథ, ఇక్కడ వద్దు.

లెక్కల_పీజీ

చెన్నై లెక్క ఒప్పుకుంటాను. కానీ నైస్ చెప్పింది వదిలేయకండి. రంగు చూసి "పసుపే కదా, పంపించేయ్" అనే రోజు తప్పకుండా వస్తుంది. రంగు తక్కువగా ఉందని ఎవరికీ ఏదీ తగ్గించకూడదు అనే షరతు రాసి పెట్టుకోవాలి.

పాలకొండల_నీడ

ఈ షరతుకు నా ఓటు. నా దృష్టిలో రంగు చెప్పేది ఒక్కటే, ఈ రోజు ఎంత తొందరగా కదలాలి అని. ఎరుపైతే ఒంటరిగా వదలకుండా ఆ పూటే, పసుపైతే ఈ వారంలో. ఎవరి గురించీ "ఇక భయం లేదు" అని రాసే హక్కు ఆ కాగితం ఇవ్వదు. నేను కేస్ షీట్‌లో "లో రిస్క్" అని రాయడం మానేసి చాలా కాలమైంది. ఏమన్నారు, ఎవరు తోడున్నారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నాను, ఈ మూడే రాస్తాను.

చిత్రావతి_అన్న

నేను డాక్టర్‌ను కాదు, చదువుతూ ఉంటాను. మా తమ్ముడి విషయంలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో జరిగింది చెప్తాను. లోన్ యాప్‌ల అప్పు, వాళ్లు ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెట్టడం, ఆ తర్వాత జరిగింది మీకు అర్థమవుతుంది. రెండో రోజు ఒకాయన ప్యాడ్ పట్టుకుని వచ్చాడు. తల ఎత్తలేదు. గబగబా చదువుకుంటూ పోయాడు, వీడు లేదు, లేదు, లేదు అన్నాడు. మా నాన్న, మామ పక్కనే నిలబడి ఉన్నారు. కాగితం మీద "రిస్క్ లేదు" అని రాసి డిశ్చార్జ్ చేశారు. ఒక ఫోన్ నంబర్ కూడా ఇవ్వలేదు.

ఇంటికి వచ్చినాక నెల రోజులు వాడి పక్కనే పడుకున్నాను. తర్వాత అనంతపురంలో ఒక మేడమ్ దగ్గరికి తీసుకుపోతే ఆమె మమ్మల్ని బయట కూర్చోబెట్టి వాడితో మాట్లాడింది. అవే ప్రశ్నలంట, వాడే చెప్పాడు. అన్నింటికీ అవునన్నాడంట. ఇప్పుడు బాగున్నాడు, ధర్మవరంలో పనికి పోతున్నాడు. ఏ స్కేలు అని మీరు వాదించుకుంటుంటే చెప్పాలనిపించింది.

క్యాజువాలిటీ_సిస్టర్

అన్నా, రాసి మంచి పని చేసినారు. డిశ్చార్జ్ తర్వాతి మొదటి వారాలే చాలా డేంజర్, ఇంటివాళ్లకు ఆ సంగతి చెప్పేవాళ్లే ఉండరు. "బిల్లు కట్టేసి, చీటీ తీసుకుని పొండి" అంతే. మీరు తెలియకుండానే సరైన పని చేసినారు.

హంద్రీ_గట్టు

అందరికీ థ్యాంక్స్. రెండు అడ్డంకులు అడుగుతాను. ఒకటి, ఎమ్మెల్సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) భయం. పేషెంట్ నోరు విప్పకపోవడానికి సగం కారణం పోలీసులే. రెండు, ఫోన్ ఫాలోఅప్. కోసిగి, మంత్రాలయం వైపు ఊర్లు సుగ్గి కాలంలో ఖాళీ అవుతాయి. గుంటూరు మిరప కోతలకు ఇంటిల్లిపాదీ పోతారు. ఇచ్చిన నంబర్ స్విచాఫ్, లేదా పక్కింటివాళ్లది.

పాలకొండల_నీడ

మొదటిది చట్టం పరంగా తేలికైంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 115: ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, వేరేలా రుజువైతే తప్ప కేసు నడపకూడదు, శిక్షించకూడదు. ఆ మనిషికి సంరక్షణ, వైద్యం, పునరావాసం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. 2018 మే నెలాఖరు నుంచి అమల్లో ఉంది. ఐపీసీ 309 సెక్షన్ 2024 జులై 1న భారతీయ న్యాయ సంహితతో పాటు పోయింది. ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని చేయించుకోవడానికో ఆపడానికో ప్రయత్నం చేస్తే 226 అని ఒకటి మిగిలింది, మన పేషెంట్లకు దాంతో పని లేదు. ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం పోవడం, ఎమ్మెల్సీ రాయడం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. పేషెంట్‌కు మాత్రం "నీ మీద కేసు ఉండదు" అని ముందే చెప్పండి. ఆ ఒక్క మాటకు గోడ వైపు ఉన్న మొహం ఇటు తిరుగుతుంది.

ఓపీలో కూర్చుని ఆలోచనలు చెప్పుకున్నవాళ్లకు అసలు ఎమ్మెల్సీ ఊసే లేదు. జరిగింది ఏమీ లేదు కదా.

నల్లమల_విలేజ్_క్లినిక్ (ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్)

రెండోది నేను చెప్తాను, నా రోజువారీ బాధ అదే కాబట్టి. నంబర్ రాసుకుంటే సరిపోదు. ఎదురుగానే మిస్డ్ కాల్ ఇచ్చి చూస్తాను. రెండో నంబర్ ఎవరిది పెట్టాలో పేషెంట్‌నే అడుగుతాను. భర్త నంబర్ ఇవ్వనని తలూపే ఆడవాళ్లుంటారు, చాలాసార్లు గొడవంతా ఆయనతోనే. అమ్మగారింటి నంబరో, ఆడబిడ్డదో ఇస్తారు. సుగ్గికి పోయేవాళ్లను ఏ ఊరికి, ఎవరి మేస్త్రీ కింద అని అడిగి రాసుకుంటే మేస్త్రీ ద్వారా దొరుకుతారు. కానీ మేస్త్రీకి ఏం చెప్పాలి? "బీపీ మాత్రల గురించి" అని చెప్పి ఫోన్ ఇప్పిస్తాను.

దీనికే ముడిపడిన ఇంకో సంగతి. రిజిస్టర్ టేబుల్ మీద తెరిచి పెట్టకండి. మా దగ్గర ఒక పేరు పక్కన ఎర్ర పెన్నుతో గీత గీస్తే, మాత్రల కోసం వచ్చిన వాళ్ల పెద్దమ్మ చూసింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆ అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులవి. ఇప్పుడు కోడ్ నంబర్ వేసి వేరే పుస్తకం బీరువాలో పెడుతున్నాం.

కుందూ_కెరటం

ఎంఎల్‌హెచ్‌పీ గారి బీరువా పద్ధతి అందరూ పాటించాల్సింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే సెక్షన్ 23 గోప్యత హక్కు గురించే. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు కావలసినవాళ్లకు కావలసినంత వరకు చెప్పవచ్చు, అదీ పేషెంట్‌కు ముందు చెప్పి. "ఇది మీ అక్కకు చెప్పాలి, నేను చెప్పనా, మీరే చెబుతారా" అని అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు.

సేఫ్టీ ప్లాన్ గురించి పెద్దగా ఎవరూ రాయలేదు కాబట్టి కాస్త వివరంగా. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ తయారుచేసిన ఒక పేజీ కాగితం, అర్ధగంట పని. మొదట, ఆ ఆలోచన ముంచుకొచ్చే ముందు ఏమవుతుందో వాళ్ల నోటితోనే చెప్పించాలి. ఒకాయన "సాయంత్రం బ్యాంకు మెసేజ్ వచ్చిందంటే గుండెలు అదురుతాయి, తలుపేసుకుంటా" అన్నాడు. అదే రాయాలి, "నెగటివ్ థాట్స్" అని మన భాష రాయకూడదు. తర్వాత ఒంటరిగా చేయగలిగింది ఏంటి, ఎవరి దగ్గరికి పోయి కూర్చుంటే మనసు మళ్లుతుంది, ఎవరికి విషయం విప్పి చెప్పగలరు, ఏ డాక్టర్, ఏ నంబర్, 14416తో సహా. చివరిది, ఇంట్లో ప్రమాదకరమైనవి దూరం చేయడం. చదువు రానివాళ్లకు వాళ్ల ఫోన్‌లోనే వాళ్ల గొంతుతో రికార్డ్ చేయిస్తున్నాను. "ఇంక చేసుకోనని మాటివ్వు" అని ఒట్టు వేయించుకోవడం మాత్రం సేఫ్టీ ప్లాన్ కాదు. మనకు నెమ్మదిగా ఉంటుంది గానీ పేషెంట్‌కు ఏమీ ఒరగదు.

ఆ చివరిదాని మీద ఒక జాగ్రత్త. పురుగుమందుల డబ్బాకు ఇంట్లో తాళం పెట్టించడం గొప్ప పరిష్కారమని నేనూ సభల్లో విన్నాను. శ్రీలంకలో 180 పల్లెలు తీసుకుని, సగం పల్లెల్లో తాళం పెట్టెలు పంచి మూడేళ్లు చూశారు, ప్రయత్నాలు తగ్గలేదు. 2017లో లాన్సెట్‌లో వచ్చింది. తాళంచెవి ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు తెలుసు కదా. అదే దేశంలో బాగా ప్రమాదకరమైన మందులను నిషేధించినప్పుడు మరణాలు గట్టిగా పడిపోయాయి. నిషేధాలు మన చేతిలో లేవు. మన ఎదురుగా ఉన్న ఒక్క కుటుంబానికి చెప్పగలిగింది, కొన్నాళ్లు ఆ డబ్బాలు ఇంట్లోనే ఉండకూడదని. వేరే ఊర్లో బంధువుల ఇంటికి చేరేస్తారో, అంగడికి తిరిగి ఇచ్చేస్తారో వాళ్లిష్టం. వేరుశనగకు మందు కొట్టే కాలంలో రైతు "ఎట్లా సార్" అంటాడు. కొట్టే రోజున కావలసినంతే తెచ్చుకోమని చెబుతాను. అందరూ వింటారని చెప్పను.

పెన్నా_లెక్చరర్ (ఇంటర్ కాలేజీ, కడప జిల్లా)

ఇంటర్ పిల్లలకు కూడా ఇదే కొలంబియానా? ఫలితాల వారం వస్తే మాకు హాస్టల్లో నిద్ర ఉండదు.

పాలకొండల_నీడ

వాడవచ్చు. పిల్లలకూ కుర్రాళ్లకూ అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐఎంహెచ్) తయారుచేసిన ఏఎస్‌క్యూ ఇంకా చిన్నది, నాలుగు ప్రశ్నలు: ఈ మధ్య చచ్చిపోతే బాగుండునని అనిపించిందా, నువ్వు లేకపోతే ఇంట్లోవాళ్లకు మేలని అనిపించిందా, ఈ వారంలో ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వచ్చిందా, ఎప్పుడైనా ప్రయత్నించావా. ఒక్కదానికి అవునన్నా ఐదోది: ఇప్పుడు, ఈ క్షణంలో ఆ ఆలోచన ఉందా? రెండో ప్రశ్న మన పిల్లలకు బాగా తగులుతుంది. ఫీజుల కోసం నాన్న పొలం అమ్మాడని తెలిసిన పిల్లలు అక్కడే తలదించుకుంటారు.

కానీ సార్, క్లాసులో కాగితాలు పంచి నింపించి కట్ట కట్టి పెట్టొద్దు. అవునన్న పిల్లతో అదే రోజు కూర్చునే మనిషి ఉంటేనే మొదలుపెట్టండి. తల్లిదండ్రులకు చెప్పాల్సి వస్తే పిల్లను పక్కన ఉంచుకునే చెప్పండి. మార్కుల గురించి ఆ రోజు ఒక్క మాట కూడా వద్దని వాళ్లకు ముందే చెప్పండి.

హంద్రీ_గట్టు

ఇక్కడ చదివింది కలిపి మా పీహెచ్‌సీకి ఇలా అనుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి. పీహెచ్‌క్యూ-2లో ఎక్కువ వచ్చినవాళ్లకు, కొత్తగా ప్రసవించిన తల్లులకు, అప్పు, జబ్బు, ఇంట్లో గొడవ అని నోటితో అన్నవాళ్లకు పీహెచ్‌క్యూ-9. తొమ్మిదోది సున్నా కాకపోతే లోపలి గదిలో, ఒంటరిగా, కొలంబియా. నర్సులు మొదలుపెట్టే ముందు ఒకరినొకరు అడిగి ప్రాక్టీస్ చేస్తారు. నోట్లో ఆ మాట తిరగక పోవడమే సగం ఇబ్బంది అని నాకు అర్థమైంది. ఎరుపైతే తోడు మనిషిని పెట్టి, నేను చూసి, అక్కడి నుంచే టెలీ మానస్‌కు ఫోన్ కలిపి, 108లో పెద్దాసుపత్రికి. మిగతా రంగులకు ఆ రోజే సేఫ్టీ ప్లాన్, మూడో రోజు లోపల ఫోన్, వారానికి మళ్లీ ఓపీ. రంగు తక్కువని ఫోన్ మానేయడం లేదు. ఇది పీజీ గారి షరతు.

లెక్కల_పీజీ

రివ్యూ మీటింగ్‌లో ఎంతమందిని స్క్రీన్ చేశారని అడుగుతారు. మీరు మీ నివేదికలో ఇంకో గడి పెట్టండి: అవునన్నవాళ్లలో వారం లోపు మళ్లీ మాట్లాడింది ఎంతమందితో. నాకు ఆ రెండో అంకె కావాలి.

కుందూ_కెరటం

ప్రసవించిన తల్లులకు పీహెచ్‌క్యూ-9 బదులు, బాలింతల డిప్రెషన్ కోసమే చేసిన ఎడిన్‌బరో స్కేల్ చూడండి, పది ప్రశ్నలు, పదోది ఇదే సంగతి. నిద్ర లేకపోవడం, అలసట బాలింతలకు ఎలాగూ ఉంటాయి కాబట్టి పీహెచ్‌క్యూలో స్కోరు ఊరికే పెరుగుతుంది. మిగతా ప్లాన్ బాగుంది. నర్సులకు వారానికోసారి పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకునే వీలు ఇవ్వండి సార్, రోజూ ఇవే వింటే వాళ్లకూ నిద్ర పట్టదు.

క్యాజువాలిటీ_సిస్టర్

108లో పంపేటప్పుడు ఒక్క సాయం చేయండి సార్. రెఫరల్ చీటీ మీద "కడుపు నొప్పి" అని రాసి పంపుతారు కొందరు, మర్యాద కాపాడదామని. ఆ చీటీతో వస్తే మేము సర్జరీ వైపు పంపుతాం, నాలుగు గంటలు పోతాయి. మీరు అడిగిన ప్రశ్నలు, వాళ్లు చెప్పిన జవాబులు, అడిగిన టైము రాసి, కవర్‌లో పెట్టి, అంటించి తోడు వచ్చేవాళ్ల చేతికి ఇవ్వండి. పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి ముందే ఒక ఫోన్ కొట్టండి, రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ల పేరు అడిగి కవర్ మీద రాయండి.

హంద్రీ_గట్టు

రాస్తాం సిస్టర్. సోమవారం నుంచి మొదలు.